గ్నూప్లాట్‌లో హిస్టోగ్రామ్: పాల ఫ్యాట్ రీడింగులకు 6.0, 6.5 దగ్గరే పళ్ళు ఎందుకు లేస్తున్నాయి?

గేదెపాలు · మంగళవారం రాత్రి 9:40

సభ్యులందరికీ నమస్కారం. మా ఊరి పాలకేంద్రంలో కంప్యూటరు పని నేనే చూస్తాను. గత మూడు నెలల్లో రెండు పూటలా మిషన్ మీద చూసిన గేదెపాల ఫ్యాట్ (వెన్న శాతం) రీడింగులు సుమారు 11,000 ఉన్నాయి. వాటిని వరుసకొకటి చొప్పున ఒకే నిలువు వరుసగా ఒక ఫైలులో పెట్టుకున్నాను. రీడింగులన్నీ ఒక దశాంశ స్థానం వరకే ఉంటాయి. అన్నిటికంటే తక్కువ 4.2, అన్నిటికంటే ఎక్కువ 9.1.

ఏ విలువలు ఎన్నిసార్లు వచ్చాయో చూపే సోపానచిత్రం (హిస్టోగ్రామ్) గీద్దామని, మొదట గ్నూప్లాట్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాములో "విత్ హిస్టోగ్రామ్స్" అని రాస్తే తెర నిండా 11,000 పుల్లలు గుచ్చినట్టు వచ్చింది. తరువాత వెతికి పట్టుకున్న పద్ధతిలో ఇలా రాశాను. ఈ వేదిక నియమం ప్రకారం ఆదేశాలను తెలుగు లిపిలోనే ఇస్తున్నాను.

వెడల్పు = 0.25
అర(ఎక్స్) = వెడల్పు*ఫ్లోర్(ఎక్స్/వెడల్పు) + వెడల్పు/2
ప్లాట్ "పాలు.టిఎక్స్‌టి" యూజింగ్ (అర($1)):(1.0) స్మూత్ ఫ్రీక్వెన్సీ విత్ బాక్సెస్

బొమ్మ వచ్చింది కానీ, రంపపు పళ్ళలా వచ్చింది. 6.00 నుంచి 6.25 వరకు ఉన్న అరలో (విలువలను గుంపు చేసే గడిలో) 1,482, తరువాతి అరలో 1,010, 6.50 నుంచి 6.75 వరకు 1,467, ఆ తరువాత 934 ఉన్నాయి. పెద్ద పళ్ళు ప్రతిసారీ .0 దగ్గర, .5 దగ్గర మొదలవుతున్నాయి. ఈ బొమ్మను కమిటీ సభ్యులు ఒకరు చూసి, ఫ్యాట్ చూసే అబ్బాయి మిషన్ చూపిన అంకె వదిలేసి 6.0, 6.5 అని తోచినట్టు రాస్తున్నాడని తీర్మానించేశారు. మా దగ్గర ధర అంతా పాయింట్ల మీదే కాబట్టి ఇది చిన్న మాట కాదు. ఆదివారం కమిటీ కూర్చుంటుంది. తప్పు నా బొమ్మలో ఉందా, ఆ అబ్బాయి చేతిలో ఉందా అన్నది తేల్చుకోవడానికి సాయం చేయగలరు.

చదరపుగళ్ళు · మంగళవారం రాత్రి 10:15

మొదటి సందేహం తేలికగానే తీరుతుంది. గ్నూప్లాట్‌లో "హిస్టోగ్రామ్స్" అనే శైలి ఫైలులోని ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క నిలువు కడ్డీ గీస్తుందే తప్ప, విలువలను గుంపులు చేసి లెక్కపెట్టదు. పేరు చూసి మోసపోని వారు లేరు. లెక్కించే పని "స్మూత్ ఫ్రీక్వెన్సీ"ది. అది ఎక్స్ విలువ ఒకటే అయిన బిందువులన్నిటినీ కలిపి వాటి వై విలువలను కూడుతుంది. మీరు వై స్థానంలో 1.0 ఇచ్చారు గనుక ఆ కూడిక ఎన్ని రీడింగులున్నాయో చెప్పే లెక్క అవుతుంది. ఆదేశాలలో తప్పు నాకు కనిపించడం లేదు.

బొమ్మకు సంబంధించి రెండు జాగ్రత్తలు చెబుతాను. "సెట్ బాక్స్‌విడ్త్" ఇవ్వకపోతే గ్నూప్లాట్ పక్కపక్క పెట్టెలు ఒకదానికొకటి తగిలేదాకా వాటిని సాగదీస్తుంది. అందువల్ల నడుమ ఒక అర ఖాళీగా ఉంటే ఆ ఖాళీ కనబడదు సరికదా, ఇరుగుపొరుగు పెట్టెలు లావెక్కి దాన్ని కప్పేస్తాయి. అలాగే నిలువు అక్షాన్ని సున్నా నుంచి మొదలుపెట్టమని మీరే చెప్పండి. లేకపోతే చిన్న తేడా కూడా కొండంతగా కనబడవచ్చు.

లెక్కలపంతులు · బుధవారం ఉదయం 6:05

గేదెపాలు గారూ, ఆ అబ్బాయిని ఇంకా ఏమీ అనకండి. ముందు కాగితం మీద ఒక చిన్న లెక్క వేసి చూడండి. 6.00 నుంచి 6.25 లోపు మీ మిషన్ చూపగల అంకెలు ఏవి? 6.0, 6.1, 6.2 అని మూడు. 6.25 నుంచి 6.50 లోపు? 6.3, 6.4 అని రెండే. ఆ తరువాతి అరలో మళ్ళీ 6.5, 6.6, 6.7 అని మూడు, దాని తరువాత 6.8, 6.9 అని రెండు. మూడు, రెండు, మూడు, రెండు. మీ రంపపు పళ్ళు ఇవే. పెద్ద అరలు .0 దగ్గర, .5 దగ్గర మొదలు కావడం పాలలోని గుణం కాదు, 0.25 అనే వెడల్పు గుణం.

మీరిచ్చిన అంకెలనే భాగించి చూద్దాం. 1,482ను మూడుతో భాగిస్తే 494, 1,010ని రెండుతో భాగిస్తే 505, 1,467ను మూడుతో భాగిస్తే 489, 934ను రెండుతో భాగిస్తే 467. పళ్ళన్నీ పోయి నున్నని వాలు మిగిలింది.

ముప్పై ఏళ్ళు బడిలో సాంఖ్యక శాస్త్రం చెప్పినవాణ్ణి కనుక ఒక మాట ఎక్కువ రాస్తున్నాను, విసుక్కోవద్దు. తరగతి అవధులు వేరు, తరగతి హద్దులు వేరు అని పిల్లలకు నేర్పుతాం. 10–19, 20–29 అన్నవి అవధులు. సోపానచిత్రం గీసేటప్పుడు వాటిని 9.5–19.5, 19.5–29.5 అనే హద్దులుగా మార్చుకోమంటాం. పిల్లలు ఆ 0.5ను పరీక్ష కోసం బట్టీపట్టి, తరువాత మరిచిపోతారు. అది ఉన్నది ఇందుకే. హద్దు ఎప్పుడూ కొలత పడగల చోట ఉండకూడదు, రెండు కొలతల నడుమ ఉండాలి. మీ కొలత 0.1 చొప్పున నడుస్తుంది కాబట్టి అర వెడల్పు 0.1, 0.2, 0.3 ఇలా దాని గుణిజమై ఉండాలి, హద్దులు 5.95, 6.15 వంటి చోట్ల పడాలి. అప్పుడే ప్రతి అరకూ సమానంగా రీడింగులు దక్కే అవకాశం ఉంటుంది.

గేదెపాలు · బుధవారం మధ్యాహ్నం 1:30

పంతులు గారికి నమస్కారాలు. మీ లెక్క చదివి ప్రాణం లేచివచ్చింది. కానీ కంప్యూటరు దగ్గర కూర్చునేసరికి మళ్ళీ గుండె జారింది. గుణిజాలలో అన్నిటికంటే చిన్నది ఎంచుకుందామని వెడల్పును 0.1గా మార్చి, చదరపుగళ్ళు గారు చెప్పినట్టు పెట్టె వెడల్పు 0.09 అని స్పష్టంగా ఇచ్చి గీశాను. ఇప్పుడు 6.0 అరలో 982 ఉన్నాయి, 6.1 అర పూర్తిగా ఖాళీ. 6.2 అరలో 1,008, 6.3 అర ఖాళీ. 6.4 అరలో 502, 6.5 అరలో 983, 6.6 అర ఖాళీ, 6.7 అరలో 484. మూడు నెలల్లో ఒక్క గేదె కూడా 6.1 పాలు ఇవ్వలేదంటే నమ్మేదెవరు? పైగా 6.0, 6.5 దగ్గర మళ్ళీ రెట్టింపు పెట్టెలే. కమిటీ సభ్యుల మాటే నిజమేమోనని ఒక్క క్షణం అనిపించింది.

దశాంశం · బుధవారం సాయంత్రం 5:50

దయచేసి ఆ బొమ్మను ఎవరికీ చూపించకండి. ఇది రెండో ఉచ్చు, మొదటిదానికంటే కంటికి కనబడనిది. గ్నూప్లాట్‌లో "ప్రింట్ ఫ్లోర్(6.3/0.1)" అని కొట్టి చూడండి. 63 రావలసిన చోట 62 వస్తుంది.

యంత్రం లోపల అంకెలు ద్విసంఖ్యామానంలో (0, 1 అనే రెండు అంకెలతోనే) ఉంటాయి. 0.1 అనే భిన్నం అందులో ఖచ్చితంగా ఇమడదు, నిజమైన 0.1 కంటే వెంట్రుకవాసి ఎక్కువగా నిలుస్తుంది. 6.3 వెంట్రుకవాసి తక్కువగా నిలుస్తుంది. తక్కువదాన్ని ఎక్కువదానితో భాగిస్తే 63కు కాస్త ఇవతలే, 62.999999999999993 దగ్గర ఆగిపోతుంది. ఫ్లోర్ అనేది కింది పూర్ణాంకానికి దించే, దయాదాక్షిణ్యాలు లేని ప్రమేయం కాబట్టి 62 అని కోసి పారేస్తుంది. మీ వరుసలో 6.1, 6.3, 6.6 మూడింటికీ ఇదే గతి పట్టి, ఒక మెట్టు కిందికి జారి 6.0, 6.2, 6.5 అరలలో పడ్డాయి. 6.2, 6.4, 6.7 వంటివి అదృష్టవశాత్తూ నిలబడ్డాయి. 0.25తో చేసినప్పుడు ఈ బాధ రాకపోవడానికి కారణం, పావు అనేది ద్విసంఖ్యామానంలో ఖచ్చితంగా ఇమిడే భిన్నం కావడమే.

మందు పంతులు గారు చెప్పిన 0.5లోనే ఉంది. రీడింగు హద్దు మీద కాకుండా అర నడిబొడ్డున పడేలా రాయండి:

అర(ఎక్స్) = 0.1*ఫ్లోర్(ఎక్స్/0.1 + 0.5)

ఇప్పుడు 62.99999కు 0.5 కలిపితే 63.49999 అవుతుంది, ఫ్లోర్ దాన్ని నిక్షేపంగా 63 చేస్తుంది. వెంట్రుకవాసి తేడాలు అర మధ్యలో ఏమీ చేయలేవు, హద్దు మీదనే ప్రాణం తీస్తాయి. వెడల్పు 0.2 కావాలంటే మొదలును వేరుగా ఇవ్వండి:

మొదలు = 5.95
అర(ఎక్స్) = 0.2*ఫ్లోర్((ఎక్స్-మొదలు)/0.2) + మొదలు + 0.1

ప్రతి అరలో సరిగ్గా రెండు రీడింగులు పడతాయి, ఏ రీడింగూ హద్దు మీద పడదు.

చుట్టపుచూపు · బుధవారం రాత్రి 8:20

ఇంత శ్రమ ఎందుకండీ? 2017లో వచ్చిన గ్నూప్లాట్ 5.2 వెర్షన్ నుంచి "బిన్స్" అనే మాట ఉంది కదా. "ప్లాట్ పాలు.టిఎక్స్‌టి యూజింగ్ 1 బిన్స్=20 విత్ బాక్సెస్" అంటే ప్రమేయమేదీ రాయకుండానే పని అయిపోతుంది.

చదరపుగళ్ళు · బుధవారం రాత్రి 9:05

పని అవుతుంది, పళ్ళూ తిరిగి వస్తాయి. ఆ సౌకర్యం మంచిదే, నేనూ వాడతాను. అయితే అది అరలను ఎలా కోస్తుందో తెలిసి వాడాలి. అరల సంఖ్య మాత్రమే ఇచ్చినప్పుడు అది గరిష్ఠం నుంచి కనిష్ఠాన్ని తీసివేసి, అరల సంఖ్య కంటే ఒకటి తక్కువతో భాగిస్తుంది. ఇక్కడ 9.1 నుంచి 4.2 తీసివేస్తే 4.9. దాన్ని 19తో భాగిస్తే దాదాపు 0.258. కొలత 0.1 చొప్పున, అర 0.258 చొప్పున నడిస్తే ఒక అరకు మూడు, ఒక అరకు రెండు పడక తప్పదు. ఇంకో విశేషం, మొదటి అర 4.2 దగ్గర మొదలు కాదు, 4.2ను నడుమ పెట్టుకొని అటూ ఇటూ సగం సగం ఉంటుంది. పాఠ్యపుస్తకంలో చదివిన సోపానచిత్రంలా మొదటి పెట్టె ఎడమ అంచు కనిష్ఠ విలువ దగ్గర ఉంటుందని అనుకుంటే మొత్తం బొమ్మ సగం పెట్టె పక్కకు జరిగినట్టు కనబడుతుంది. సంఖ్య కూడా ఇవ్వకుండా ఒట్టి "బిన్స్" అని వదిలేస్తే, "సెట్ శాంపిల్స్" విలువ, అంటే మామూలుగా 100 అరలు తీసుకుంటుంది. అప్పుడు వెడల్పు 0.05కు కూడా రాదు, దాదాపు సగం అరలు ఖాళీగా ఉంటాయి.

"బిన్‌విడ్త్", "బిన్‌రేంజ్" అనే రెండూ ఇచ్చి దాన్ని అదుపులో పెట్టుకోవచ్చు. ఇచ్చాక కూడా బొమ్మను నమ్మకుండా ఒకసారి "సెట్ టేబుల్" పెట్టి, అరల నడిమి విలువలూ లెక్కలూ అంకెలుగా ఫైలులోకి దింపి చదవడం నా అలవాటు. పెట్టెలు చెప్పని తప్పును అంకెల పట్టిక రెండు నిమిషాల్లో చెబుతుంది.

నిడదవోలు_రైలు · గురువారం ఉదయం 7:45

అసలు అరలు ఎన్ని ఉండాలి అన్న ప్రశ్న ఎవరూ తీయలేదు. స్టర్జెస్ 1926లో ఇచ్చిన సూత్రం అందరికీ తెలిసిందే: రీడింగుల సంఖ్యకు 2 ఆధారంగా సంవర్గమానం తీసి ఒకటి కలపడం. దాని ప్రకారం 11,000కు 15 అరలు చాలు కదా?

దశాంశం · గురువారం ఉదయం 8:30

15 అరలంటే వెడల్పు 0.33 దగ్గర పడుతుంది. ఒక అరకు మూడు రీడింగులు, ఇంకొక అరకు నాలుగు, మళ్ళీ రంపమే. స్టర్జెస్ సూత్రం రాశి పెరిగిన కొద్దీ అరలను మరీ పెద్దవిగా చేస్తుందన్న విమర్శ ఎప్పటి నుంచో ఉంది. నేను ఫ్రీడ్‌మన్, డయకోనిస్ 1981లో ఇచ్చిన దాన్ని ఇష్టపడతాను. మూడో చతుర్థకం (ముప్పాతిక రీడింగులు దానికి లోపు ఉండే విలువ) నుంచి మొదటి చతుర్థకాన్ని (పాతిక రీడింగులు దానికి లోపు ఉండే విలువ) తీసివేసి, రెట్టింపు చేసి, రీడింగుల సంఖ్య ఘనమూలంతో భాగిస్తే వెడల్పు వస్తుంది. గేదెపాలు గారూ, "స్టాట్స్ పాలు.టిఎక్స్‌టి యూజింగ్ 1" అని కొడితే చతుర్థకాలు తెర మీదికి వస్తాయి, చెబుతారా?

గేదెపాలు · గురువారం ఉదయం 9:10

మొదటి చతుర్థకం 6.0, మూడోది 7.1 అని చూపిస్తోంది.

దశాంశం · గురువారం ఉదయం 9:25

తేడా 1.1, రెట్టింపు 2.2, 11,000 ఘనమూలం సుమారు 22.24. భాగిస్తే 0.099. అంటే మీ మిషన్ కొలవగల అతి చిన్న మెట్టు దగ్గరికే వచ్చి ఆగింది. ఏ సూత్రమైనా వెడల్పును సూచించేంత వరకే, సూచించిన దాన్ని కొలత మెట్టుకు గుణిజంగా సవరించుకునే బాధ్యత మనది. స్టర్జెస్‌నే పట్టుకుంటానన్నా 0.33ను 0.3 చేసుకొని, హద్దులు 5.95, 6.25, 6.55 అని పెట్టుకుంటే పళ్ళు రావు.

లెక్కలపంతులు · గురువారం సాయంత్రం 6:40

ఫ్లోర్ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. కొందరు దాని బదులు "ఇంట్" వాడతారు. పాల ఫ్యాట్ వంటి ధన సంఖ్యలకు రెండూ ఒకటే. ఉదయం, సాయంత్రం రీడింగుల తేడా వంటి రుణ సంఖ్యలు కూడా వచ్చే దత్తాంశానికి మాత్రం ఇంట్ పనికిరాదు, ఎందుకంటే అది అటునుంచీ ఇటునుంచీ సున్నా వైపే కోస్తుంది. సున్నా అర రెండింతల వెడల్పై, రెండు పూటలా పాలు అచ్చంగా ఒకేలా ఉన్నాయన్న భ్రమ కలిగిస్తుంది. ఇంకొకటి, వెడల్పు 5 అని పూర్ణాంకంగా ఇచ్చి వెడల్పు/2 అని రాస్తే గ్నూప్లాట్ 2 అంటుంది, 2.5 అనదు. 2.0తో భాగించండి.

గేదెపాలు · శుక్రవారం రాత్రి 9:55

సవరించిన ప్రమేయంతో 0.1 వెడల్పు మీద గీశాను. 6.0 నుంచి 6.9 వరకు వరుసగా 489, 493, 500, 508, 502, 495, 488, 484, 471, 463. ఒక్క పన్ను కూడా లేదు. దశాంశ స్థానంలోని అంకెను మాత్రమే విడదీసి, సున్నా నుంచి తొమ్మిది వరకు పది అరలలో వేసి చూశాను. పదీ దాదాపు ఒకే ఎత్తులో ఉన్నాయి. మిషన్ రీడింగుల విషయంలో ఆ అబ్బాయి మీద వేలెత్తడానికి ఏమీ లేదు.

అయితే ఊరుకోలేక, మిషన్ రాకముందు నాటి రిజిస్టరు కూడా ఎక్కించి చూశాను. అప్పుడు గెర్బర్ పద్ధతి ఉండేది. గాజు బ్యుటిరోమీటరులో 10 మి.లీ. సల్ఫ్యూరిక్ ఆమ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. అమైల్ ఆల్కహాలు పోసి, గిర్రున తిప్పి, 65 డిగ్రీల నీళ్ళలో ఉంచి, మెడలో తేలిన వెన్న ఎంత దూరం నిలిచిందో గీతల మీద కంటితో చదివేవారు. అందులోని 2,300 రీడింగులను సరైన అరలలో వేసినా 6.0 దగ్గర పెట్టె నిలువునా లేచింది. 5.8 దగ్గర 96, 5.9 దగ్గర 58, 6.0 దగ్గర 171, 6.1 దగ్గర 61, 6.2 దగ్గర 98. ఇప్పుడు ఇది అరల తప్పు కాదు కదా?

లెక్కలపంతులు · శనివారం ఉదయం 6:20

కాదు. ఇది నిజమైన గుట్ట. కానీ గుట్ట ఉన్నంత మాత్రాన మోసం ఉన్నట్టు కాదు, దాని ఇరుగుపొరుగును చూడాలి. 58, 171, 61 కూడితే 290. మూడుతో భాగిస్తే దాదాపు 97. అటు 5.8 దగ్గరి 96తోనూ ఇటు 6.2 దగ్గరి 98తోనూ చక్కగా సరిపోతుంది. అంటే 6.0లో అదనంగా చేరినవి పక్క అరల నుంచి వచ్చినవే, అదీ ఇటునుంచి ఎంతో అటునుంచీ దాదాపు అంతే. గీతల మధ్య నిలిచిన వెన్నను చూసే కన్ను పొడుగు గీత వైపు మొగ్గడం మనిషికి సహజం. రైతుకు నష్టం చేయాలనుకున్నవాడు 6.1ని 6.0 చేస్తాడు గానీ 5.9ని 6.0 చేయడు. అప్పుడు 6.1 అర ఒక్కటే చిక్కిపోయి, 5.9 అర నిండుగా ఉండేది. మేలు చేయాలనుకున్నవాడైతే అందుకు తలకిందులు. మీ రిజిస్టరులో రెండు పక్కలా ఒకే తరుగు ఉంది.

చదరపుగళ్ళు · శనివారం ఉదయం 10:00

కమిటీకి చూపించే బొమ్మ మీద తెలుగులో శీర్షికలు పెట్టుకునేటట్టయితే, "పిఎన్‌జి" టెర్మినల్ (బొమ్మను ఏ రూపంలో ఇవ్వాలో చెప్పే అమరిక) కాకుండా "పిఎన్‌జికైరో" ఎంచుకొని, ఎన్‌కోడింగ్ యుటిఎఫ్8 అని ఇచ్చి, నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంటు పేరు రాయండి. మొదటిదానిలో ఒత్తులు విడిపోయి అక్షరాలు చెల్లాచెదురవుతాయి. అడ్డు అక్షం కింద అర వెడల్పు ఎంతో, హద్దులు ఎక్కడున్నాయో ఒక వాక్యం తప్పక రాయండి.

గేదెపాలు · ఆదివారం రాత్రి 8:30

అలాగే చేశాను. 0.25తో గీసిన బొమ్మ, 0.1తో సరిగా గీసిన బొమ్మ పక్కపక్కన ముద్రించి తీసుకువెళ్ళాను. మొదట అనుమానపడిన పెద్దాయన బొమ్మలను పక్కకు నెట్టి, ఆ రోజు ఉదయం పూట చీటీల కట్ట తెప్పించుకొని, బల్ల మీద 6.0, 6.1, 6.2 అని పది కుప్పలుగా తానే పోశారు. తరువాత 6.0, 6.1, 6.2 కుప్పలను కలిపి ఒకటిగానూ, 6.3, 6.4 కుప్పలను కలిపి ఒకటిగానూ చేసి, రెండింటి మందం వేళ్ళతో కొలిచి, "ఓహో, మూడు కుప్పలూ రెండు కుప్పలూనా" అన్నారు. ఫ్యాట్ చూసే అబ్బాయి అక్కడే నిలబడి ఉన్నాడు. అతనికి టీ చెప్పారు.

ఇప్పుడు కమిటీ వారు ఎస్.ఎన్.ఎఫ్. (వెన్న కాని ఘనపదార్థాలు) రీడింగులకు కూడా ఇలాంటి బొమ్మే అడుగుతున్నారు. మా మిషన్ దాన్ని రెండు దశాంశ స్థానాల దాకా, 0.05 చొప్పున చూపిస్తుంది. హద్దులు 0.025 దగ్గర పెట్టి మొదలుపెడుతున్నాను, తేడా వస్తే ఇక్కడే రాస్తాను.